ముక్కులేని హంసలు

ధర్మవరం,
12-6-1982

చిరంజీవి జయరాముడికి మీ అక్క నాగలక్ష్మమ్మ దీవించి రాసే సంగతులు.

ఇక్కడ అందరం తిరుగుతూనే ఉన్నాం. వాన జాడ లేదు. కరెంటు పగలంతా ఉండదు. అవన్నీ తర్వాత రాస్తాను. ముందు నా ఒళ్లు మండుతున్న సంగతి వినిపించుకో.

నిన్న మీ బావ, నేను మ్యాట్నీకి "గడియారంలో మనిషి" చూశాం. నువ్వు చూసే ఉంటావు, గుంతకల్లులో మాకంటే ముందే వస్తుంది కదా. మూడు గంటలు కూర్చోబెట్టి, హీరో గడియారం యంత్రమెక్కి ఇరవై ఏళ్లు వెనక్కి పోయి, ఇక్కడ యంత్రం కాలిపోయి, అక్కడ అతను ఒక రైలెక్కి, వంతెన కూలిపోయేటప్పటికి "మిగతా రెండో భాగంలో" అని వేశారు. ఇదేం మర్యాద? అన్నానికి పిలిచి పప్పు వడ్డించి, చారు వచ్చే సంవత్సరం పోస్తామన్నట్టు! తాళి కట్టించుకున్న ఆ పిల్ల గుమ్మంలో నిలబడే ఉంది. మా వీధిలో మగవాళ్లంతా హీరో ఎలా బతుకుతాడని ఒకటే వాదన. నదిలో దూకాడని ఒకరు, చచ్చింది వాడి తమ్ముడని ఒకరు.

వీళ్లెవరికీ కళ్లు లేవా? రైలు కదలబోయే ముందు స్టేషన్లో ఒక ముసలామె అతనికి నీళ్లిస్తుంది, "ఈ బండెక్కద్దు నాయనా" అంటుంది. ఆమె కట్టుకున్నది హీరోయిన్ పెళ్లిచీరే. రంగు వెలిసింది, కుచ్చిళ్ల దగ్గర చిరిగింది, కానీ అదే చీర. అంచులో హంసలకు ముక్కుల్లేవు. మెడ వెనక ఒక చుక్క ఉంది.

ఆ చీర నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? మన మగ్గం మీద దిగిందే. నాలుగేళ్ల కిందట షావుకారు మల్లికార్జునయ్య దాన్ని వీధిలో అందరి ముందూ విప్పి, "ఆడదాన్ని మగ్గమెక్కిస్తే ఇట్లనే ఉంటాది" అన్నాడే, అదే. ఆ రోజు నుంచి నాకు కండెలు చుట్టే పనే గానీ మగ్గం లేదు.

కాబట్టి రెండో భాగంలో వచ్చేది హీరో కాదు. కాలంలో వెనక్కి పోయేది ఆ పిల్ల. కాలిపోయిన యంత్రాన్ని బాగుచేసుకోవడానికి ఆమెకు జీవితమంతా పట్టింది. ముసలిదయ్యాక, అతను గుర్తుపట్టాలని పెళ్లిచీరే కట్టుకొని పోయింది. అతను గుర్తుపట్టలేదు. నీళ్లు తాగి "సల్లగుండు అవ్వా" అని బండెక్కాడు. చూసుకో, ఇదే కథ.

మీ బావకు చెబితే విననట్టే ఉన్నాడు. నువ్వైనా విను.

నీ అక్క,
నాగలక్ష్మి


గుంతకల్లు,
21-6-1982

అక్కకు, బావకు జయరాముడి నమస్కారాలు.

నీ ఉత్తరం పార్సిల్ ఆఫీసులో కూర్చొని చదివి నవ్వుకున్నాను. కోపం తెచ్చుకోకు. ఇక్కడా అదే రభస. గార్డు సోమప్ప లెక్క ప్రకారం, హీరో ఇరవై ఏళ్లు వెనక్కి పోయాడు గనుక అప్పటి టైంటేబుల్లో ఆ బండే లేదు, కాబట్టి అతను చావలేదు. డ్రైవర్ ఓబన్న "వంతెన కూలే లోపల బ్రేకు వేస్తే ఆగుతాది, నేనాపుతా" అంటాడు. వీళ్లిద్దరికీ మాటలు లేక వారమైంది.

నీది అందరి కంటే విచిత్రం. ఆడమనిషి యంత్రం బాగుచేయడమేమిటక్కా? అదీ ముసలిది! ఇంకొకటి. సినిమావాళ్ల దగ్గర ఒక చీర ఉంటుంది, ఆ రోజు హీరోయిన్‌కు కట్టారు, ఉతికి ఈ రోజు ముసలామెకు కట్టారు. అంతే. లేదా ఒక పడుగులో రెండు చీరలు దిగుతాయి కదా, రెండూ కొన్నారేమో.

అయినా సరదాగా అడుగుతున్నాను, ఆ హంసల సంగతి కొంచెం వివరంగా రాయి. ముక్కు ఎందుకు పోతుంది, చుక్క ఎందుకు వస్తుంది, ఏ సీనులో ఎక్కడ కనిపిస్తుంది. సోమప్ప నోరు మూయించాలి.

మీ జయరాముడు


ధర్మవరం,
3-7-1982

జయరాముడికి అక్క రాసేది.

నవ్వుకో. నాయన నన్ను మగ్గం గుంతలో కూర్చోబెట్టి, "వానికి సదువుండాది, నీకు ఇదుండాది" అన్నాడు కాబట్టి నువ్వు కుర్చీలో కూర్చొని నవ్వగలుగుతున్నావు.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. అంచు బొమ్మకు గీతకొక అట్ట ఉంటుంది. చిల్లులు పొడిచిన అట్టలన్నీ వరసగా దారంతో కట్టి మగ్గం పైన వేలాడదీస్తాం. చిల్లును బట్టి పోగు లేస్తుంది. ఆ చీరకు ఒకే ఒక అట్ట తిరగేసి కట్టబడింది. అది ముక్కు అట్ట. అందుకే ముక్కు రావాల్సిన జరీ పోగు మెడ వెనక పడి చుక్కయింది. అట్టలు మళ్లీ మళ్లీ తిరుగుతాయి గనుక ఆ కొస నుంచి ఈ కొస వరకు ఏ హంసకూ ముక్కు లేదు. చీర మేలు వైపు కిందికి పెట్టి నేస్తాం కాబట్టి బట్ట కోసేదాకా ఎవరికీ కనబడలేదు. లోకంలో ఇంకే మగ్గం మీదా ఇదే తప్పు ఇలాగే రాదు.

రెండు చీరలు దిగిన మాట నిజమే. ఒకటి షావుకారు మద్రాసుకు తోసేశాడు. రెండోది "నువ్వే కట్టుకో" అని నా మొహాన పడేశాడు. అది నా పెట్టెలో ఉంది. కాబట్టి సినిమావాళ్లకు రెండు దొరికే దారి లేదు.

ఉతికి కట్టారంటావా? ఆ ముసలామె చీర కొంగును కెమెరా దగ్గరగా చూపిస్తుంది. పెళ్లిలోనూ అంతే దగ్గరగా చూపించింది. ఊరికే కట్టిన చీరను రెండుసార్లు ఎందుకు చూపిస్తారు? పెళ్లిలో అగ్ని చుట్టూ తిరిగేటప్పుడు, స్టేషన్లో చెంబు చాచినప్పుడు. మళ్లీ చూసి రా.

బావ మోకాలి నొప్పికి నువ్వు పంపిన తైలం బాగా పనిచేస్తోంది.

నీ అక్క


గుంతకల్లు,
18-9-1982

అక్కకు నమస్కారం.

జవాబు రాయడం ఆలస్యమైంది. మళ్లీ చూశాను, నువ్వు చెప్పింది నిజమే. గార్డులూ డ్రైవర్లూ దిగే మా రన్నింగ్ రూములో అందరూ ఒప్పుకున్నారు. సోమప్ప కూడా.

వచ్చే వారం మద్రాసు పోతున్నాను. పని మీదే. తిరిగి వచ్చాక అన్నీ చెబుతాను. నీకొక మంచి వార్త తెస్తాననుకుంటున్నాను. ఎవరైనా ఏదైనా చెబితే వెంటనే కోపం తెచ్చుకోవద్దు.

జయరాముడు


ధర్మవరం,
5-10-1982

జయరాముడికి,

దీవెనలు ఈ ఉత్తరంలో లేవు.

నిన్న కండెలు ఇచ్చి రావడానికి షావుకారింటికి పోయాను. షావుకారు భార్య కన్యకమ్మ సినిమా వారపత్రిక పట్టుకొని నలుగురు ఆడవాళ్లను కూర్చోబెట్టుకుంది. నన్ను చూసి, "రామ్మే నాగలచ్చిమీ, మీ తమ్మునికి పోటీలో మొదటి బహుమతంట! రెండో భాగం ఎట్లుంటాదో రాసినాడంట!" అని గట్టిగా చదివింది. నేను గడపలో నిలబడి నా మాటలే విన్నాను. కొంగు నాది, చుక్క నాది, "సల్లగుండు అవ్వా" నాది. కింద పేరు మాత్రం కె. జయరాముడు, గుంతకల్లు. నీ ఫోటో కూడా ఉంది. తల దువ్వుకున్నావు.

అంతటితో ఆగావా? "ఈ చీర నేసిన స్త్రీ పరాకువల్ల అట్ట తిరగబడింది" అని రాశావు. స్త్రీ! కన్యకమ్మ అక్కడ ఆగి నా వైపు చూసింది. అందరూ చూశారు. ఒకామె పమిట అడ్డం పెట్టుకొని నవ్వింది. నాలుగేళ్లుగా మా వీధికే తెలిసిన నా అవమానాన్ని అచ్చువేయించి రాష్ట్రమంతా పంచిపెట్టావు.

ఇప్పుడు విను. ఎవరికీ చెప్పనిది, కోపంలో రాస్తున్నాను. ఆ అట్ట తిరగేసి కట్టింది నేను కాదు. అప్పుడు నాకు పన్నెండు రోజులు చలిజ్వరం. నా మగ్గం మీద అట్టలు కట్టింది, నేసింది మీ బావ. రెండు చీరలూ ఆయన చేతివే. షావుకారు నా మగ్గం గనుక నాదే తప్పన్నాడు. మీ బావ నోరు తెరవలేదు. నేనూ తెరవలేదు. ఎందుకో తెలుసా? ఇంటి మగవాడికి తప్పు వస్తే ఇంటికి షావుకారిచ్చే పడుగు ఆగిపోతుంది. నాకు వస్తే నేనొక్కదాన్నే ఆగిపోతాను. అందుకని ఆగిపోయాను.

ఆయనంటే మొగుడు, భయపడ్డాడు. నీకేం భయం?

నాగలక్ష్మి


గుంతకల్లు,
14-10-1982

అక్కా,

నీ ఉత్తరం అందరికీ కనబడేలా బల్ల మీద పడింది. దాచుకొని చదివాను. రెండు రోజులు అన్నం సహించలేదు.

కానీ నువ్వు నా మాట కూడా వినాలి. నాకెలా తెలుస్తుంది? నాలుగేళ్లలో ఒక్కసారైనా "నేను కాదు" అన్నావా? నువ్వు నేశావనే అనుకున్నాను. నీ పేరు వేస్తే తప్పు నీదని అందరికీ తెలిసిపోతుందని, నిన్ను కాపాడదామనే పేరు దాచాను. దేవుడి మీద ఒట్టు. పత్రికవాళ్లు కూడా ఆడవాళ్ల ఉత్తరాలు వంటల పేజీకే పంపిస్తారని మా ఆఫీసులో అన్నారు. పేరు ఎవరిదైతేనేం, మనింటిదే కదా అనుకున్నాను.

ఇంకొక మాట. ముందే చెబుతున్నాను, మళ్లీ ఎవరో చదివితే వినొద్దు. మద్రాసులో డైరెక్టరుగారు నన్ను కలిశారు. ఆయనకు ఆ చీర సంగతే తెలియదట. ఒకే చీర ఉంటే ఇద్దరికీ కట్టించారట. నేను చెప్పింది విని కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. రెండో భాగం కథ మార్చేస్తున్నారు. నువ్వు చెప్పినట్టే తీస్తారు. తెర మీద "కథాసూచన" అని నా పేరు వేస్తారు.

నా పేరని రాయడానికి చేయి రావడం లేదు. కానీ అలాగే కాగితం రాసి సంతకం పెట్టించుకున్నారు.

జయరాముడు


ధర్మవరం,
2-11-1982

జయరాముడికి,

నన్ను కాపాడావా! నా పేరు దాచి నీ ఫోటో వేయించుకోవడం కాపాడటమా? నీ పేరు దాచి నాది వేసి ఉంటే నన్ను నేనే కాపాడుకునేదాన్ని కదా.

రెండు పనులు చెయ్. ఒకటి, వాళ్లకు రాసి నా పేరు వేయించు. నాగలక్ష్మమ్మ, ధర్మవరం. రెండు, "నేసిన స్త్రీ పరాకు" అనే మాట సినిమాలో రాకుండా చూడు. తప్పు ఎవరిదో చెప్పొద్దు. బావ సంగతి నీకూ నాకూ మధ్యే. ఆయన పేరు ఎక్కడైనా నీ నోట వచ్చిందో, నిన్ను తమ్ముడని అనను.

ఆ సినిమావాళ్లకు ఏమీ తెలియదంటే నాకు ఆశ్చర్యం లేదు. చీర కట్టించేవాళ్లకు చీర కనబడదు. నేను కనిపెట్టినదానికి ఎంత విలువ ఇచ్చారో చూడు, కథే మార్చుకున్నారు. మార్చినదాని పేరు మాత్రం నీది.

నాగలక్ష్మి


(కార్డు)
మద్రాసు,
9-3-1983

అక్కకు, మళ్లీ వచ్చి అడిగాను. షూటింగు అయిపోయిందట. పేరు మార్చడం కుదరదన్నారు. డైలాగు కూడా ఉంచేశారట. తప్పు అక్కది కాదు, మా బావ గంగాధరప్పది అని చెప్పినా నవ్వారు, ఎవరిదైతే ఏమిటన్నారు. నేను చేయగలిగింది చేశాను. ఇంటికి పోయి వివరంగా రాస్తాను. జయరాముడు.


ధర్మవరం,
17-3-1983

జయరాముడికి,

కార్డు! ఇలాంటి సంగతి కార్డు మీద రాస్తారా? రైల్వేలో పదేళ్లుగా పనిచేస్తున్నావు, కవరుకూ కార్డుకూ తేడా తెలియదా? మా పోస్టుమాను కార్డులన్నీ చదివి గుమ్మంలోనే చెప్పి పోతాడని నీకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వాడు కార్డు నాకివ్వలేదు. మగ్గం మీదున్న మీ బావకిచ్చి, "గంగాధరన్నా, తప్పు నీదంట గదన్నా, మద్రాసులో చెప్పుకుంటాండారు" అన్నాడు.

మీ బావ కార్డు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. మళ్లీ నేత మొదలుపెట్టాడు. అన్నం పెడితే తిన్నాడు. ఐదు రోజులుగా అంతే. తిట్టినా బాగుండేది.

పోస్టుమాను మాట వీధిలో ఎవరూ నమ్మలేదట. పెళ్లాం తమ్ముడు తన అక్కను వెనకేసుకొస్తున్నాడని నవ్వుకున్నారట. నాకు పేరూ రాలేదు, తప్పూ పోలేదు, ఇంట్లో మాట కూడా పోయింది. నువ్వు చేయగలిగింది చేశావు, నిజమే.

నాగలక్ష్మి


గుంతకల్లు,
2-4-1983

అక్కా,

బుద్ధి గడ్డి తిన్నది. మద్రాసు స్టేషన్లో బండి కదలబోతుంటే జేబులో ఉన్న కార్డు మీద రాసేశాను. నీకు త్వరగా తెలియాలన్న తొందర. బావ కాళ్లు పట్టుకోవడానికి వద్దామనుకున్నాను, కానీ ఆయన మొహం చూసే ధైర్యం లేదు.

ఇక్కడ అందరూ నన్ను "కథాసూచన" అని పిలుస్తున్నారు. స్టేషన్ మాస్టరు కూడా. ఒక్కోసారి బాగానే ఉంటుంది, అబద్ధమెందుకు. నేను చిన్న గుమాస్తానక్కా. నన్నెవరూ ఇంతవరకు దేనికీ లేచి నిలబడి మెచ్చుకోలేదు. ఆ డైరెక్టరు లేచినప్పుడు "మా అక్క చెప్పింది" అనే మాట గొంతు దాకా వచ్చింది. మింగేశాను. కాపాడటం గీపాడటం తర్వాత అల్లుకున్న మాటలే.

జయరాముడు


ధర్మవరం,
26-4-1984

జయరాముడికి,

ఏడాది పైన అయింది నీకు రాసి. రాయకూడదనే అనుకున్నాను. కానీ జరిగింది ఊరివాళ్లు ఇంకోలా చెప్పక ముందే నేనే చెబుతాను.

రెండో భాగం మా ఊరికి సోమవారం వచ్చింది. నేను పోనన్నాను. మీ బావ మగ్గం దిగి, చొక్కా వేసుకొని, "పదమ్మే, చూసొస్తాం" అన్నాడు. కార్డు వచ్చాక నాతో ఆయన తనంతట తానుగా మాట్లాడిన మొదటి మాట అది. మ్యాట్నీకి పోయాం. నేను ఆడవాళ్ల వైపు, ఆయన అడ్డగోడకు అవతల మగవాళ్ల బెంచీ మీద. ఊరంతా అక్కడే ఉంది. కన్యకమ్మ, షావుకారు వెనక కుర్చీల్లో ఉన్నారు.

నీ పేరు పెద్దక్షరాల్లో పడింది. "మన నాగలచ్చిమి తమ్ముడు" అని నా పక్కన చప్పట్లు కొట్టారు. నేను చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను.

సినిమా బాగుంది. అదే నాకు మరీ కోపం. ఆ పిల్ల యంత్రం ముందు కూర్చొని వెంట్రుకలు నెరిసేదాకా ఒక్కో చక్రం బిగించుకుంటుంటే, నేను మనసులో చూసినట్టే ఉంది. రెండోసారి స్టేషన్లో అతను నీళ్లు తాగి పోబోతుంటే ఆమె కొంగు చాచి అంచు చూపించింది. హంసలు. అతను చూశాడు. ఆగాడు. హాలంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

అప్పుడు ఆమె అంది, "ఎవరో నేతగత్తె పరాకుగా నేసింది. ఆ ఆడదాని తప్పే నిన్ను నాకు దక్కించింది."

అందరూ ఈలలు వేశారు. నాకు ఏడుపు ఆగిపోయింది. లేచి పోదామని చెప్పులు వెతుక్కుంటుంటే గోడ అవతల బెంచీ కిర్రుమంది.

"అబద్ధం!" అన్నాడు మీ బావ.

నేను ఆ గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు. జనం "కూసోప్పా, కూసో" అన్నారు. ఎవరో చొక్కా పట్టి లాగారు. ఆయన బెంచీ ఎక్కి నిలబడ్డాడు. తల నీడ తెర మీద పడింది.

"ఆ అట్ట తిరగేసి కట్టింది నేనప్పా! గంగాధరప్పను! ఆ ఆడమనిసి జరమొచ్చి పండుకోనుండాది. ఆరేండ్లు నా తప్పు ఆమె మోసింది, నేను నోరు మూసుకోనుండాను. మల్లికార్జునయ్యా, ఈడనే ఉండావు గదా, ఇనుకో! ఈ కత గూడా ఆమెదే. పైన ఏసింది ఆమె తమ్ముని పేరు. ఆమె పేరు నాగలచ్చుమమ్మ!"

సినిమా నడుస్తూనే ఉంది, ఎవరూ చూడటం లేదు. టిక్కెట్లు చింపేవాడు వచ్చి ఆయన్ను దింపి బయటికి నడిపించాడు. నేనూ వెనకాలే వచ్చేశాను. చివర ఏమైందో నాకింకా తెలియదు. అడగబుద్ధి కాలేదు.

దారి పొడుగునా ఎండ మండిపోతోంది. ఇల్లు కనబడుతుండగా ఆయన, "ఇంగ పడుగియ్యరేమో" అన్నాడు. "ఇయ్యకపోనీ" అన్నాను.

ఇచ్చారు. షావుకారు నిన్న మనిషితో పంపాడు, ఏమీ అనకుండా. సిగ్గుపడ్డాడో, ఆయన లాంటి నేతగాడు దొరకడని భయపడ్డాడో నాకు తెలియదు. మీ బావ ఆ పడుగు తెచ్చి నా మగ్గానికి ఎక్కించాడు. అట్టలు నేనే కట్టుకున్నాను.

ఇక నీ సంగతి. నువ్వు మద్రాసు పోయి నలుగురు సినిమావాళ్ల చెవిలో చెప్పావు, అది నేను కాదనను. నిన్ను నువ్వు కాపాడుకోకుండా ఒక ఉత్తరం కూడా రాశావు, దాన్ని దాచుకున్నాను. కానీ నీ బహుమతి అచ్చులో ఉంది, నీ ఫోటో అచ్చులో ఉంది, నీ పేరు తెర మీద ఉంది. మోకాళ్లు నొప్పెట్టే ముసలి నేతగాడు కూడు పోతుందని తెలిసి బెంచీ ఎక్కాడు. నీకు నెలనెలా జీతం వస్తుంది. ఆ పత్రికకు రాయి, ఆ కథ ఎవరిదో. వంటల పేజీలో వేసినా సరే. అచ్చయ్యాక ఈ ఇంటికి రా. అంతవరకు రావద్దు, ఉత్తరం కూడా వద్దు.

నాగలక్ష్మమ్మ,
నేతపని, ధర్మవరం